ఆటగాళ్ళ బేరంలో అమ్ముడైనదెవరు?

అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో క్రీడాకారుల చేరికల వెనుక సాగిన లంచాల బాగోతంపై 2017 సెప్టెంబరు 26న న్యూయార్క్ ఫెడరల్ న్యాయాధికారులు పదిమందిపై అభియోగాలు ప్రకటించారు. వారిలో నలుగురు పేరున్న విశ్వవిద్యాలయాల సహాయ కోచ్‌లు; మరొకరు అడిడాస్ ఉన్నతోద్యోగి జేమ్స్ గాటో. ప్రధాన కోచ్ ఒక్కరూ ఆ జాబితాలో లేకపోవడం గమనార్హం. కేసులు ముగిసినా, అవి లేవనెత్తిన ధర్మసందేహం నేటికీ తీరలేదు.

గాటోపై నేరమేమిటి? తమ కంపెనీ దుస్తులు ధరించే లూయివిల్ జట్టులో ఒక యువకుడిని చేర్పించేందుకు అతని కుటుంబానికి లక్ష డాలర్లు ముట్టజెప్పే ఏర్పాటు చేయడం. 2018 అక్టోబరులో జ్యూరీ అతడిని, మరి ఇద్దరిని దోషులుగా తేల్చింది. అయితే మోసపోయినవారెవరని అడిగితే వచ్చిన సమాధానం విచిత్రమైనది: విశ్వవిద్యాలయం! సొమ్ము పుచ్చుకున్న ఆటగాడు నాటి నిబంధనల ప్రకారం అనర్హుడు. ఆ సంగతి దాచి స్కాలర్‌షిప్ ఇప్పించడం విద్యాసంస్థను వంచించడమే అన్నది వాదన. అభియోగాలకు నెల ముందే అదే అడిడాస్‌తో పదేళ్ళకు 16 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని ప్రకటించుకున్న సంస్థ బాధితురాలైంది. ఆ యువకుడు మాత్రం లూయివిల్ తరఫున ఒక్క ఆటైనా ఆడలేదు. గాటోకు తొమ్మిది నెలల జైలుశిక్ష పడింది.

ఆ తరువాత కాలం తిరగబడింది. 2021 జులై నుంచి క్రీడాకారులు తమ పేరుప్రతిష్ఠలపై బహిరంగంగా ఆర్జించవచ్చు. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు వారికి నేరుగా పంచే వీలు కలిగింది. దాపరికం నాడూ తప్పే, నేడూ తప్పే. కానీ శ్రమించేవాడికి సొమ్ము అందడమే పాపమన్న నాటి వాదం ఎంత బలహీనమో ఈ మార్పు తేటతెల్లం చేసింది.

ఆబర్న్ సహాయ కోచ్ చక్ పర్సన్ ఉదంతం వేరు. తన శిష్యులను ఒక ఆర్థిక సలహాదారు వద్దకు మళ్ళించేందుకు అతడు 91,500 డాలర్లు పుచ్చుకున్నాడు. నిబంధనలు ఎంత సడలించినా ఈ పని ధర్మసమ్మతం కాజాలదు. కన్నవారు కోచ్ మాట నమ్మి బిడ్డను ఊరు దాటిస్తారు; ఆ నమ్మకాన్నే అతడు అంగట్లో పెట్టాడు. కంచే చేను మేసిన ఈ నేరానికి మాత్రం 2019లో జైలుశిక్ష పడలేదు! శిక్షల త్రాసు ఏ వైపు మొగ్గిందో పాఠకులే గ్రహించగలరు.

2019 మార్చిలో బయటపడిన మరో కుంభకోణం దీనికి పూర్తిగా విలోమం. ఇక్కడ లంచం ఇచ్చింది ఆట రాని పిల్లల సంపన్న తల్లిదండ్రులు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ టెన్నిస్ కోచ్‌గా పనిచేసిన గోర్డన్ ఎర్నెస్ట్ 30 లక్షల డాలర్లకు పైగా స్వీకరించి, అట్టివారిని క్రీడాకారులుగా సిఫారసు చేశాడు. 2022లో రెండున్నరేళ్ళ శిక్ష పడింది. క్రీడా కోటా సీటు కోసం పుట్టుకొచ్చే నకిలీ ధ్రువపత్రాల కథలు విన్న మన ప్రాంత పాఠకులకు ఈ తంతు కొత్తేమీ కాదు.

కోచ్ సిఫారసు చేయగల స్థానాలు పరిమితం. ఒకటి అమ్ముడైతే, రోజూ తెల్లవారకముందే మైదానానికి చేరి సాధన చేసిన మరో విద్యార్థికి ఆ తలుపు మూసుకుపోతుంది. అటువంటివారి పేర్లు ఏ అభియోగపత్రానికీ ఎక్కలేదు. ప్రతిభ చాలకనే తమకు పిలుపు రాలేదని వారు నేటికీ అనుకుంటూ ఉండవచ్చు.