పేరుపేరునా థ్యాంక్స్ అన్నారు, మరి మా పేర్లేవన్నా?



గ్రూపులో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు. పోస్టు పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. 2025 మేలో కడపలో మహానాడు అయిపోయింది. దానికి ముందు నియోజకవర్గాల్లో మినీ మహానాడులు కూడా అయిపోయాయి. కృతజ్ఞతల పోస్టుల వాన కూడా వెలిసింది. అందుకే ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం అనుకున్నా. ఇది ఒక్క పార్టీ మీద కోపంతో రాసేది కాదని ముందే చెప్తున్నా. మన కాలనీల్లో, తండాల్లో అన్ని జెండాలూ ఎగురుతున్నాయి. అన్నిటి కర్రలూ పాతింది మన పిల్లలే.

ఈ మధ్య ఒక మండల నాయకుడు పెట్టిన పోస్టు చదివాను. పార్టీ పేరు చెప్పను. పేరు మార్చి పెడితే ఏ పార్టీకైనా సరిపోయే పోస్టు అది. ముందు పెద్దలు, ప్రతి పేరు పక్కనా గారు. తర్వాత మండల కమిటీ, ఒక్కొక్కరి పేరు, హోదా. భోజనాలు పెట్టించిన దాతలు. బస్సులు ఇచ్చిన స్కూళ్ల యజమానులు. షామియానా, మైకు సెట్టు, ఫ్లెక్సీలు కొట్టిన వాళ్లు కూడా పేర్లతో ఉన్నారు. పోలీసు వారికి, మీడియా మిత్రులకు నమస్కారాలు. చిట్టచివర ఒక లైను: అలాగే వాలంటీర్లుగా సేవలందించిన గిరిజన సోదర సోదరీమణులకు పేరుపేరునా ధన్యవాదాలు అని.

పేరుపేరునా అంట. ఒక్క పేరు లేదు!

ఆ ఒక్క లైను వెనకాల ఎంత పని ఉందో ఇక్కడ చాలామందికి తెలుసు, చేసినవాళ్లే కాబట్టి. సభకు రెండు రోజుల ముందు నుంచి హైవే పొడుగునా జెండాలు కట్టాలి. చిల్లకల్లు నుంచి కంచికచర్ల దాకా డివైడర్ మీద నిలబడి, పక్కనుంచి లారీలు పోతుంటే కట్టాలి. ముందురోజు రాత్రి ఇల్లిల్లూ తిరిగి ఎవరొస్తారో, ఎంతమందొస్తారో లెక్క చెప్పాలి. లెక్క తగ్గితే మాట పడేది నాయకుడు కాదు, తిరిగిన పిల్లాడు. పొద్దున్నే బండ్లెక్కించాలి, ముసలివాళ్లను చెయ్యి పట్టి దించాలి, పార్కింగ్ చూడాలి, నీళ్ల ప్యాకెట్లు, మజ్జిగ ప్యాకెట్లు మొయ్యాలి. రాత్రి అందరినీ ఇళ్లకు చేర్చాక మళ్లీ పొద్దున కుర్చీలు ఎత్తాలి, గ్రౌండు ఊడవాలి. దీనికి దక్కేది ఒక బిర్యానీ ప్యాకెట్. కొన్నిచోట్ల సాయంత్రానికి ఒక క్వార్టర్. దాని గురించి ఎక్కువ రాయను. ఎవరింట్లో ఆ క్వార్టర్ ఏం చేస్తోందో ఆ ఇంట్లో వాళ్లకు తెలుసు.

నేను అడిగేది సూటిగా ఒక్కటే. ఆ పిల్లాడు కూలీయా, కార్యకర్తా? తేల్చండి.

కూలీ అయితే కూలి ఇవ్వాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అక్కడ మట్టి తవ్వితే కనీసం మస్టర్‌లో పేరు రాస్తారు, జాబ్ కార్డు నంబరు ఉంటుంది, డబ్బులు ఆలస్యమైతే అడగడానికి ఒక ఆఫీసు ఉంటుంది. సభ గ్రౌండులో మస్టర్ లేదు.

కార్యకర్త అయితే సభ్యత్వ కార్డు ఇవ్వాలి, కమిటీలో చోటు ఇవ్వాలి, మైకు దగ్గర ఐదు నిమిషాలు ఇవ్వాలి. కూలి అడిగితే నువ్వు మన కార్యకర్తవి కదరా, పార్టీ కోసం చెయ్యాలి అంటారు. పదవి అడిగితే నీదేముంది, జెండాలు కట్టే కుర్రాడివి అంటారు. ఈ రెండు మాటల మధ్యలో దొరికిన సందులోకి దూర్చేదే థ్యాంక్స్. అటు కూలికీ బదులు అదే, ఇటు కుర్చీకీ బదులు అదే.

కార్డు అనగానే ఏముందిలే, ప్లాస్టిక్ ముక్క అనుకోకండి. 2024 చివర్లో తెలుగుదేశం సభ్యత్వ నమోదు చేసినప్పుడు 100 రూపాయల సభ్యత్వానికి 5 లక్షల ప్రమాద బీమా పెట్టింది. జనసేనలో సభ్యత్వం 500, అక్కడా 5 లక్షల ప్రమాద బీమా ఉంది. మంచి పనే, కాదనను. కానీ బీమా కార్డు ఉన్నవాడికి. మన కాలనీ నుంచి ట్రాక్టరెక్కి వెళ్లిన వాళ్లలో ఎందరి దగ్గర కార్డు ఉంది? పైగా పద్దెనిమిది నిండని ఇంటర్ పిల్లాడికి సభ్యత్వం రాదు, బీమా రాదు. ట్రాక్టర్లో చోటు మాత్రం వస్తుంది.

ట్రాక్టర్ ప్రయాణం అంటే ఏంటో జగ్గయ్యపేట వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2020 జూన్ 17న వేదాద్రి దర్శనం చేసుకుని తిరిగి పోతున్న ట్రాక్టర్‌ను లారీ గుద్దింది. 12 మంది పోయారు. అది గుడికి వెళ్లొస్తున్న కుటుంబం, సభకు కాదు. కానీ ఆ రోడ్లూ, ఆ ట్రక్కులే సభలకు కూడా. సభల సంగతంటారా, 2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్ షోలో తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, జనవరి 1న, గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు పోయారు. అప్పటి ప్రభుత్వం జనవరి 2న జీవో నంబర్ 1 ఇచ్చి రోడ్ల మీద సభలు వద్దంది. ప్రతిపక్షాలు కోర్టుకెళ్లాయి, 2023 మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. సభ పెట్టుకునే హక్కు మీద అంత పెద్ద యుద్ధం జరిగింది. సభకు తీసుకెళ్లిన మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది అని మాత్రం ఏ పార్టీ తీర్మానం చెయ్యలేదు. అడగాల్సింది మనమే.

ఇక చదువు సంగతి. ఇది విద్యార్థుల గ్రూపు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. క్యాలెండర్ తీసి చూడండి. మహానాడు మే 27 నుంచి 29 దాకా. 2025లో ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పరీక్షలు మే 21 నుంచి 27 వరకు. జనసేన ఆవిర్భావ సభ చిత్రాడలో 2025 మార్చి 14న, ఆ వారం ఇంటర్ పరీక్షలు నడుస్తున్నాయి. వైసీపీ ప్లీనరీ 2022 జూలై 8, 9 తేదీల్లో నాగార్జున యూనివర్సిటీ ఎదురుగా జరిగింది, ఆ ఏడాది ఇంజనీరింగ్ సెట్ జూలై 4 నుంచి 8 వరకు. ఎవరూ కావాలని పెట్టారనడం లేదు. ఎన్టీఆర్ గారి పుట్టినరోజు మే 28న వస్తే మేలో పెట్టుకుంటారు, పార్టీ పుట్టింది మార్చి 14న అయితే మార్చిలో పెట్టుకుంటారు. కానీ స్టేజీ మీద ఉన్నవాళ్ల పిల్లలు ఆ రోజుల్లో ఎక్కడున్నారు? కోచింగ్‌లో, హాల్లో. మన పిల్లలు ఎక్కడున్నారు? బస్సు టాపు మీద. జెండా ఎవరిదైనా కానివ్వండి, పరీక్షల నెలలో హాస్టల్ పిల్లల్ని కదపం అని ఒక్క నాయకుడు ముందుకొచ్చి చెప్పమనండి. ఆయన ఫ్లెక్సీ నేనే కడతా.

ఆడవాళ్ల దగ్గరికొస్తే ఇంకో రకం. నాయకుడు దిగేచోట స్వాగతం పలకడానికి మన యాడీలు కావాలి. అద్దాలు కుట్టిన ఫేటియా, కాంచళి వేసుకుని ఎండలో రెండు గంటలు నిలబడాలి, కారు దిగగానే ఆడాలి. నాయకుడు ఆ గుడ్డ భుజాన వేసుకుని రెండడుగులు వేస్తాడు, ఫొటో తెల్లారి పేపర్లో వస్తుంది. ఫొటో కింద నాయకుడి పేరు ఉంటుంది. మిగతాది "గిరిజన మహిళలతో కలిసి నృత్యం". ఆ వేషం మన గౌరవం, ఎక్కడైనా వేసుకుందాం, ఆడుదాం. కానీ ఆడిన తర్వాత స్టేజీ మెట్ల దగ్గర ఎందుకు ఆపేస్తున్నారు?

వాలంటీర్ అనే మాట మీద కూడా ఒకమాట. మన రాష్ట్రంలో ఈ మాటకు పెద్ద కథే ఉంది. 2019 ఆగస్టు 15 నుంచి గ్రామ, వార్డు వాలంటీర్లను పెట్టారు. నెలకు 5 వేలు. జీతం అనకూడదు, గౌరవ వేతనం. ఉద్యోగం అనకూడదు, సేవ. ఉగాదికి సేవా మిత్ర, సేవా రత్న, సేవా వజ్ర అని సన్మానాలు. 2024 ఎన్నికల్లో అవతలి కూటమి మేమొస్తే 10 వేలు ఇస్తాం అంది. వచ్చాక ఆ 10 వేలూ లేవు, ఆ 5 వేలూ లేవు. మన కాలనీల్లో డిగ్రీ చదివిన వాళ్లు ఆ పనిలో ఐదేళ్లు పోగొట్టుకున్నారు. ఒకరు ఉద్యోగం అనకుండా సేవ అన్నారు, ఇంకొకరు మాటిచ్చి వదిలేశారు. వాలంటీర్ అని పిలిస్తే మురిసిపోయే ముందు ఇది గుర్తు చేసుకోండి.

కొందరన్నలు అంటారు, అరే, మర్యాదకు థ్యాంక్స్ చెప్తే దానికి కూడా గొడవేంట్రా అని. మర్యాదకు నాకేం అభ్యంతరం లేదన్నా. మర్యాద అందరికీ ఒకేలా ఉండాలనే అంటున్నా. షామియానా ఆయనకు డబ్బూ ముట్టింది, పేరూ పడింది. మనకు రెండూ లేవు. ఇంకొందరంటారు, ఎక్కువ అడిగితే వచ్చేసారి పిలవరు అని. పిలవకుండా ఉండమనండి చూద్దాం. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు, వీరులపాడు, కంచికచర్ల, ఈ ఏడు మండలాల్లో మన వాడలు పక్కన పెట్టి ఒక సభ నింపమనండి.

మనం తక్కువమందిమి అనే మాట కూడా వింటుంటాం. నిజమే, 2011 లెక్కల్లో పాత కృష్ణా జిల్లాలో మనం సుమారు మూడు శాతం. రాష్ట్రంలో 175 అసెంబ్లీ సీట్లుంటే ఎస్టీలకు 7. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఏజెన్సీ వైపే. మెట్ట కృష్ణాలో పుట్టిన సుగాలీకి, ఎరుకలకు, యానాదికి ఇక్కడ రిజర్వుడు అసెంబ్లీ సీటు లేదు. ఐటీడీఏ కూడా మన జిల్లాలో లేదు. నందిగామ, తిరువూరు ఎస్సీ అన్నలవి, దాని మీద మనకు తగాదా లేదు. జగ్గయ్యపేట జనరల్. జనరల్ సీట్లో గిరిజనుడు నిలబడకూడదని ఏ చట్టమూ చెప్పలేదు, పార్టీలే చెప్తున్నాయి. అసెంబ్లీలో దారి లేదు కాబట్టే మనకు పార్టీ కమిటీల్లో చోటు ఇంకా ముఖ్యం. అక్కడ ఏమిస్తున్నారు? ఎస్టీ సెల్. సెల్ ఉండాలి, కానీ సెల్ పేరు చెప్పి అసలు మండల కమిటీ తలుపు మూస్తే అది సెల్ కాదు, గేటు.

నాయకుల సంగతి చూడండి. జగ్గయ్యపేటలో 2019లో వైసీపీ నుంచి గెలిచిన సామినేని ఉదయభాను గారు 2024 సెప్టెంబర్‌లో జనసేనలో చేరారు. అది ఆయన ఇష్టం, ఆయన హక్కు, తప్పు పట్టను. నాయకుడు ఏ పార్టీకెళ్లినా అక్కడ కుర్చీ వేస్తారు. ఆయన వెనక జెండా మోసిన పిల్లాడు మాత్రం ఊళ్లో ఇంకా పాత పార్టీవాడే. సంతకం కోసం వెళ్తే నువ్వు వాళ్ల మనిషివి కదా అంటారు. పార్టీ రిజిస్టర్లో పేరు లేదు, ఊళ్లో ముద్ర మాత్రం ఉంది.

ఎర్రజెండా వాళ్లలో ఒక పద్ధతి నాకు నచ్చుతుంది. వాళ్ల మహాసభల్లో ప్రతినిధుల అర్హతల నివేదిక చదువుతారు. ఎంతమంది వచ్చారు, వయసులెంత, ఏ సామాజిక వర్గాల నుంచి వచ్చారు అని సభ ముందు పెడతారు. సీపీఐ 24వ జాతీయ మహాసభ 2022 అక్టోబర్‌లో మన విజయవాడలోనే జరిగింది. ఆ లెక్కల్లో మనవాళ్లు ఎంతమంది, నాయకత్వంలోకి ఎంతమంది వెళ్లారు అని వాళ్లనీ అడగాల్సిందే. కానీ అడగడానికి ఒక కాగితమైనా ఉంటుంది. మిగతా పార్టీలు కూడా నియోజకవర్గ సభలో ఆ పని చెయ్యమనండి: వచ్చిన ప్రతినిధుల్లో ఎస్టీలు ఎంతమంది, మాట్లాడిన వాళ్లలో ఎంతమంది, పని చేసిన వాలంటీర్ల పేర్లేంటి అని చదవమనండి.

తీర్మానాల్లో మన మాట ఒక్కటైనా ఉండాలి కదా. ఎ.కొండూరు మండలం తండాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో మనుషులు రాలిపోతున్నారు. మన జిల్లాయే, బస్సెక్కితే పూటలో చేరతాం. అక్కడివాళ్లు అడుగుతూ వచ్చింది తాగడానికి కృష్ణా నీళ్లు. సభల్లో లారీల కొద్దీ నీళ్ల ప్యాకెట్లు దించేది మనమే. తండాకు నీళ్లెప్పుడు అనే తీర్మానం పెట్టమని ఆ లారీ దించే ముందే అడగాలి, దించాక కాదు.

2021 ఫిబ్రవరిలో గెలిచిన పంచాయతీల గడువు 2026 వరకే. రాజ్యాంగం 243డి కింద అక్కడైతే జనాభాను బట్టి మనకు వార్డులు, సర్పంచ్ స్థానాలు, ఎంపీటీసీలు రిజర్వు అవుతాయి. ఆ ఎన్నికల ముందు ప్రతి పార్టీ మళ్లీ మండల సమావేశాలు పెడుతుంది, మళ్లీ మనకు ఫోన్లు వస్తాయి. అప్పటికి గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ మీ తండా, మీ కాలనీ నుంచి సభలకు పని చేసిన వాళ్ల పేర్లు, ఏ పని చేశారో, సభ్యత్వ నంబరు ఉందో లేదో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ఫోన్ నంబర్లు, ఆధార్ ఇక్కడ గ్రూపులో పెట్టొద్దు, బుక్కులోనే ఉంచండి. పద్దెనిమిది నిండనివాళ్ల పేర్లు వేరే పేజీలో రాయండి, వాళ్లను ఏ బండీ ఎక్కనివ్వొద్దు. నందిగామ వైపు వాళ్లు ఈ ఆదివారం, జగ్గయ్యపేట వైపు వాళ్లు వచ్చే ఆదివారం కలుద్దాం. చోటు రేపు చెప్తాను. బుక్కు తెచ్చుకోండి.