పేరు మార్చితే పని మారుతుందా?

ప్రతి జూన్ 12న మనం బాలకార్మిక వ్యతిరేక దినం జరుపుకుంటాం. ప్రతిజ్ఞ చేస్తాం, చార్టు మీద బొమ్మ వేస్తాం. ఏ ఏడాది చూసినా అదే బొమ్మ. హోటల్లో టీ గ్లాసులు కడిగే పిల్లవాడు, లేదంటే నెత్తిన ఇటుకలు మోసే పాప. ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ దాన్ని చూసి "మా ఊళ్ళో అట్లాంటోళ్ళు ఎవరూ లేరు కదా" అనుకొని అందరం నిమ్మళంగా ఇంటికి పోతాం. అరసికెరెలో ఎస్.ఎస్.ఎల్.సి. అయిపోయిన పిల్లలు, పి.యు.సి. మధ్యలో ఆపేసిన పిల్లలు ఎక్కడికి పోతాండారు అని మాత్రం ఎవరూ అడగరు. నేను అడగదలచుకున్నాను.

ఒకప్పుడు బెంగళూరులో గార్మెంట్స్‌కి పోయేవాళ్ళు. ఇప్పుడు "ఫోన్ కంపెనీ"కి అంటున్నారు. కోలారు వైపు, దేవనహళ్ళి వైపు, హోసూరు వైపు. పోకుండా ఏం చేస్తారు? వాన సరిగా పడదు, చెనిక్కాయ పెట్టుబడి కూడా తిరిగిరాదు. మన పావగడ తాలూకాలోనే తిరుమణి దగ్గర 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. భూమి ఇచ్చినవాళ్ళకు కౌలు వస్తోంది. భూమి లేనివాళ్ళకు ఏమొచ్చింది? పలకలు కడిగే పని, గడ్డి కోసే పని, అదీ కొందరికే. కాబట్టి పోయేవాళ్ళను నేను తప్పు పట్టను. పంపే తల్లిదండ్రులనూ తప్పు పట్టను. "ఏసీలో పని, బస్సు ఇంటి దాకా వస్తాది, తిండి వాళ్ళే పెడతారు, ఇంకేం కావాలమ్మా?" అనే మాటతోనే నా పేచీ.

మా పెద్దనాయన కూతురు అట్లాగే పోయింది. ఏ కంపెనీ అనేది రాయను. నిజానికి అక్క చేరింది ఆ కంపెనీలో కాదు, మధ్యలో ఉన్న ఒక కాంట్రాక్టు ఏజెన్సీలో. చేరేటప్పుడు నోటితో చెప్పింది నెలకు పదహారు వేలు. మొదటి నెల బ్యాంకులో పడింది పదివేల చిల్లర. ఎందుకు తగ్గిందని అడిగితే లైన్ లీడరు ఏజెన్సీని అడగమన్నాడు, ఏజెన్సీ మనిషి కంపెనీని అడగమన్నాడు. "పొద్దుగూకులూ నిలబడుకొనే పని. బాత్రూముకు పోవాలన్నా ఇంకొకరు వచ్చి నా జాగాలో నిలబడాల" అని అక్క చెప్పింది. ఫోన్లు తయారుచేసే ఆ చోటికి సొంత ఫోన్ తీసుకుపోనివ్వరు. ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే షిఫ్టు అయ్యేదాకా అక్కకు తెలియదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే అయితే పత్రికలో రాసేదాన్ని కాదు. కోలారు జిల్లా నరసాపురలో ఐఫోన్లు తయారుచేసిన విస్ట్రాన్ ఫ్యాక్టరీ సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరు 12 తెల్లవారి, రాత్రి షిఫ్టు ముగిసే సమయంలో, కార్మికులు అద్దాలు పగలగొట్టారు, వాహనాలు తగలబెట్టారు. వారం రోజులు టీవీల్లో పగిలిన అద్దాలే చూపించారు. కంపెనీ మొదట 437 కోట్ల నష్టం అని పోలీసులకు ఫిర్యాదు చేసింది. తర్వాత తైవాన్‌లో స్టాక్ ఎక్స్‌చేంజికి చెప్పేటప్పుడు అది 26 నుంచి 52 కోట్ల మధ్యకు దిగింది. నూటికి పైగా మందిని అరెస్టు చేశారు.

పగలగొట్టడం సరైంది కాదు. ఆ మాట చెప్పినాక, అంతకుముందు ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు 21,000 అని చెప్పి 16,000 ఇచ్చారనీ, తర్వాత అది 12,000కు తగ్గిందనీ, మిగతావాళ్ళకు 8,000కు దిగిందనీ కార్మికులు చెప్పారు. రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ వెళ్ళి చూసింది. కొద్ది కాలంలోనే కార్మికుల సంఖ్య 5,000 నుంచి 10,500కు పెంచారు, దానికి తగ్గ ఏర్పాట్లు మాత్రం చేయలేదు. షిఫ్టును 12 గంటలు చేశారు. హాజరు నమోదు చేసే యంత్రం సరిగా పనిచేయలేదు, అంటే చేసిన పనికి లెక్కే లేదు. ఆపిల్ సంస్థ కూడా అక్టోబరు, నవంబరు జీతాలు కొందరికి ఆలస్యమైన మాట నిజమేనని ఒప్పుకొని, విస్ట్రాన్‌కు కొత్త ఆర్డర్లు ఆపింది. విస్ట్రాన్ క్షమాపణ చెప్పి ఒక ఉపాధ్యక్షుణ్ణి తొలగించింది. 2023లో ఆ ఫ్యాక్టరీని టాటా వాళ్ళు కొన్నారు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన సంఖ్య వేరే ఉంది. ఆ ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగులు సుమారు 1,300 మంది. ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్ళు సుమారు 8,500 మంది. మా అక్కను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పింది ఈ ఏర్పాటే. కంపెనీ ఒకరిది, మనిషి ఇంకొకరి మనిషి. జీతం తగ్గితే ఎవరి చొక్కా పట్టుకోవాలి?

"ఇవన్నీ 18 దాటినవాళ్ళ సంగతులు కదా, బాలకార్మికులకు దీనికి సంబంధమేమి?" అంటారు. చట్టం ప్రకారం సరే. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లలతో పని చేయించకూడదు, కుటుంబ పనుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప. 14 నుంచి 18 మధ్యవాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పద్దెనిమిది నిండిన మరుసటి రోజు నుంచి మనం "కార్మికులం". కానీ ఫ్యాక్టరీలకు పదిహేడేళ్ళ చేతులు కావాలంటే ఒక దారి ఉంది. పేరు మార్చడం. ట్రైనీ అనొచ్చు, అప్రెంటిస్ అనొచ్చు, ఇంటర్న్ అనొచ్చు.

చైనాలో ఇది ఎంత దూరం పోయిందో చూడండి. 2012లో ఫాక్స్‌కాన్ సంస్థ యాంటాయ్ ఫ్యాక్టరీలో 14 నుంచి 16 ఏళ్ళ విద్యార్థులు పనిచేసిన మాట ఒప్పుకుంది. వాళ్ళను ఇంటర్న్‌లు అన్నారు. 2019లో హెంగ్యాంగ్‌లోని అదే సంస్థ ఫ్యాక్టరీలో అమెజాన్ వాళ్ళ మాట్లాడే స్పీకర్లు తయారుచేయడానికి 16 నుంచి 18 ఏళ్ళ విద్యార్థులను వెయ్యి మందికి పైగా పెట్టారని బయటపడింది. వాళ్ళను తెచ్చింది దళారులు కాదు, వాళ్ళ బడులే. వెంట ఉపాధ్యాయులు కూడా వచ్చారు. పిల్లలు రాత్రి షిఫ్టుకు, ఓవర్‌టైముకు ఒప్పుకోకపోతే ఒప్పించడం ఆ ఉపాధ్యాయుల పని. ఇది చదివినప్పుడు నాకు కోపం కంటే భయం ఎక్కువ వేసింది. మన ఉపాధ్యాయులు అలాంటివారు కాదు. అయినా "ప్లేస్‌మెంట్ డ్రైవ్" అని ఎవరో బ్యానరు పట్టుకొని వస్తే బడి గేటు తెరిచేముందు ఇది గుర్తుంచుకోమని కోరుతున్నాను.

ఇంకా వెనక్కి పోతే నిజమైన చిన్నపిల్లలే కనిపిస్తారు. ఫోన్ బ్యాటరీలో కోబాల్ట్ అనే లోహం ఉంటుంది. ప్రపంచంలో దొరికే కోబాల్ట్‌లో సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో దేశానిది. అక్కడ దక్షిణ భాగం గనుల్లో సుమారు 40,000 మంది పిల్లలు పనిచేస్తున్నారని 2014లో యూనిసెఫ్ అంచనా వేసింది. చేతులతో రాళ్ళు ఏరి, కడిగి, మోసే పిల్లలు. ఆ గని పిల్లల దగ్గర మొదలైన ఫోన్ మా అక్క లైన్ మీదుగా మన చేతికి వస్తుంది. మొదటి చివరన వయసు తక్కువ, రెండో చివరన వయసు సరిపోయింది, జీతం తక్కువ. ఈ రెండూ వేరు వేరు పాఠాలని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

ఇప్పుడు ఎదుటివాళ్ళ మాట. "ఆ జీతం కూడా లేకపోతే ఆడపిల్లకు పద్దెనిమిదికే పెండ్లి చేస్తారు. కంపెనీకి పోతే నాలుగేండ్లు తన కాళ్ళ మీద తను నిలబడతాది." ఇది నిజం. దీన్ని కొట్టిపారేసేవాళ్ళకు పల్లె తెలియదు. అక్క పంపిన డబ్బుతోనే పెద్దనాయన అప్పు కొంత తీరింది. కానీ 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరులో ఫాక్స్‌కాన్ మహిళా కార్మికులు అర్ధరాత్రి చెన్నై-బెంగళూరు హైవే మీద ఎందుకు కూర్చున్నారు? హాస్టలు తిండి తిని 150 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు కాబట్టి. గదుల్లో నేల మీద పడుకొని, నీళ్ళు రాని మరుగుదొడ్లతో ఉండినవాళ్ళు. వాళ్ళు మాకు ఉద్యోగాలు వద్దనలేదు. మంచి తిండి, సరైన గది అడిగారు. ఫ్యాక్టరీ మూసి, దాదాపు నెల తర్వాత తెరిచారు.

అందుకే "పోవద్దు" అని నేను రాయడం లేదు. లెక్క తెలుసుకొని పోవాలి అంటున్నాను. ఆ లెక్క మన ఏడో తరగతి గణితమే. నెలకు 12,000 జీతం, 26 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుందాం. మొత్తం 208 గంటలు. గంటకు సుమారు 58 రూపాయలు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. రోజుకు రెండు గంటలు అదనంగా చేయించుకుంటే నెలకు 52 గంటలు, దానికి 6,000 రూపాయలు పైన రావాలి. పి.ఎఫ్. కింద 12 శాతం కోస్తారు, అది మన డబ్బే, నంబరు అడిగి తీసుకోవాలి. ఇ.ఎస్.ఐ.కి 0.75 శాతం, 12,000 మీద 90 రూపాయలు. ఆ తొంభై కట్టిన మనిషి కార్డు చూపించి వైద్యం అడగొచ్చు. మా అక్కకు ఆ కార్డు ఉన్నట్టే ఏడు నెలలు తెలియదు.

తెలుగు మాధ్యమంలో చదివే మనకు ఇంకో చిక్కు ఉంది. పాఠం తెలుగులో చదువుతాం, బస్సు బోర్డు కన్నడంలో చదువుతాం, సంతకం మాత్రం ఇంగ్లీషు కాగితం మీద పెడతాం. లెక్కలో పంతొమ్మిది మార్కులు తగ్గితే మళ్ళీ రాయించే బడి, ఆ కాగితం చదవడం ఒక్కసారైనా నేర్పించదా?

కాబట్టి హెడ్‌మాస్టరు గారికి, ఉపాధ్యాయులకు నా విన్నపం. పదో తరగతికి ఒక్క పూట కేటాయించండి. నిజమైన జీతం స్లిప్పు ఒకటి బోర్డు మీద రాయించండి, నియామక పత్రంలో ఏజెన్సీ పేరు ఎక్కడ ఉంటుందో చూపించండి. వీలైతే కార్మిక శాఖ అధికారిని పిలిపించండి. పోయి వచ్చిన అక్కలను, అన్నలను కూడా పిలవండి, వాళ్ళు చెప్పేది అధికారి చెప్పేదానికంటే బాగా అర్థమవుతుంది. తల్లిదండ్రులు కూడా రావాలి. జూన్ 12 దాకా ఆగొద్దు. పరీక్షలు అయిపోయిన వారానికే బస్‌స్టాండు దగ్గర ఆ ఏజెన్సీల మనుషులు పేర్లు రాసుకుంటూ ఉంటారు.