మత్తడి తెలియని పిల్లలకు మంచుకొండల పాఠమా?

భూతాపం అంటే ఏమిటని మన హైస్కూలు పిల్లలను అడిగితే ధ్రువాల్లో మంచు కరుగుతున్నదని చెప్తారు. మీ ఊరి చెరువు మత్తడి ఎక్కడుందని అడిగితే నోరు మెదపరు. తప్పు పిల్లలది కాదు, పాఠం రాసినవాళ్లది.

వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టుకుంటుంది. అందుకే కొడితే కుండపోత, లేకుంటే కరువు. ఈ రెంటికీ మన పెద్దలు ఏనాడో గొలుసుకట్టు చెరువులతో జవాబు చెప్పారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది. కాకతీయుల రామప్ప, పాకాల చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. చెరువులను, నాలాలను కబ్జాలు మింగాక 2020 అక్టోబర్ వానకు హైదరాబాద్ కాలనీలు మునిగాయి. వాతావరణ పాఠం అంటే ఇది కాదా?

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠం పుస్తకంలోకి వచ్చింది, పిల్లలు మాత్రం బడి గేటు దాటలేదు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. ఆ మొదటి మాటను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చెరువుకట్ట మీదే చెప్పాలి. తూము, కాల్వ, పూడిక చూపించాలి. వాన లెక్క వాళ్లతోనే రాయించాలి. రేపు శిఖం భూమి కబ్జా అయితే నిలదీసేది ఆ పిల్లలే. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ వానకాలంలోనే మొదలుపెడదాం.