పెళ్లి వీడియో ఎక్కని పెన్‌డ్రైవ్

పెళ్లి వీడియో డీవీడీలో ఇచ్చే కాలం దాదాపు పోయింది. బడంగ్‌పేట్‌లోనైనా శంషాబాద్‌లోనైనా స్టూడియోవాళ్లు ఇప్పుడు చేతిలో పెట్టేది పెన్‌డ్రైవే. అమెరికాలో ఉన్న పెద్దబ్బాయికి ఒక కాపీ పంపుదామని ఇంట్లోవాళ్లు ఇంకో 32 జీబీ డ్రైవ్ కొనుక్కొస్తారు. 8 జీబీల వీడియో అందులోకి ఎక్కనంటుంది. చూస్తే డ్రైవంతా ఖాళీ. దుకాణానికి వెళ్లి 'పాడైన సరుకు అంటగట్టావు' అని తగువు. పాపం, సరుకు బాగానే ఉంది.

32 జీబీ వరకు ఉండే డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. 1996 నాటి విండోస్ 95 కూర్పుతో వచ్చిన పద్ధతి అది. ఒక్కో ఫైలు ఎంత పెద్దదో రాసుకోవడానికి అందులో 32 బిట్లే ఉన్నాయి. అందుకే 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 బైట్లు, అంటే 4 జీబీలకు ఒక్క బైటు తక్కువ, దాటిన ఫైలును అది పుచ్చుకోదు. చవితి మండపంలో మోగే పాటలు ఒక్కొక్కటి కొన్ని ఎంబీలే కాబట్టి డీజేకి ఈ బెడద తెలియదు.

మందు సులువే. డ్రైవ్‌లో ఉన్నవన్నీ వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే వీడియో ఎక్కుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా పనికొస్తుంది గానీ, మ్యాక్‌లో అది చూడటానికే తప్ప మామూలుగా రాయడానికి వీలుండదు.

అసలు చిక్కు హాల్లో గోడకున్న టీవీతో. కంప్యూటర్‌లో చక్కగా ఆడిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌ను చాలా పాత టీవీలు గుర్తించవు. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఈ పద్ధతిని వాడాలంటే తయారీదార్లు లైసెన్సు రుసుము కట్టాల్సి వచ్చేది. పైసా పైసా లెక్కచూసే కంపెనీలు దాన్ని వదిలేశాయంటే అర్థం చేసుకోవచ్చు. కానీ 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని వివరాలన్నీ బయటపెట్టింది. ఆ ఏడాదే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం 5.4 కూర్పులో ఎక్స్‌ఫ్యాట్ చేరింది. 2020లో వచ్చిన 5.7లో శాంసంగ్ ఇంజినీర్లు రాసిన మెరుగైన డ్రైవర్ దాని స్థానంలోకి వచ్చింది. నేటి స్మార్ట్ టీవీల్లో ఎక్కువ భాగం నడిచేది లినక్స్ పునాది మీదే. ఇక సాకేముంది?

పెట్టె మీద 4కే, హెచ్‌డీఆర్ అని అరచేతి మందాన అచ్చువేసే కంపెనీలు, ఏ పద్ధతి డ్రైవ్‌లు టీవీ చదువుతుందో మాత్రం మాన్యువల్ లోపలి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో దాస్తాయి. ఆ ఒక్క వాక్యం పెట్టె మీదికి రావాలి. బలవంతంగానైనా రప్పించాలి.

పాత డ్రైవ్ ఎవరికైనా ఇచ్చేసేవాళ్లకు ఒక హెచ్చరిక: క్విక్ ఫార్మాట్ చెరిపేది ఫైళ్ల పట్టికనే, ఫొటోలను కాదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వాటిని బయటికి లాగొచ్చు. ఫార్మాట్ చేసేటప్పుడు 'క్విక్ ఫార్మాట్' పక్కనున్న టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి.

స్టూడియోవాళ్లు కూడా డ్రైవ్ ఇచ్చేముందు 'మీరు చూసేది టీవీలోనా, కంప్యూటర్‌లోనా?' అని ఒక్క మాట అడగాలి. పాత టీవీలో అంటే, వీడియోను 4 జీబీలలోపు ముక్కలుగా చేసి ఫ్యాట్32లోనే ఇవ్వాలి.