ఆట చూసే ఆడవాళ్లం

2025 నవంబర్ 2వ తేదీ రాత్రి మీలో ఎంతమంది మేలుకొని ఉన్నారో నాకు తెలియదు. నేను మాత్రం ఉన్నాను. వాన వల్ల మ్యాచ్ రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. ఇంట్లో వాళ్లంతా ఒక్కొక్కరే ఆవులిస్తూ వెళ్లి పడుకున్నారు. టీవీ గొంతు బాగా తగ్గించి, దుప్పటి కప్పుకొని నేనొక్కదాన్నే కూర్చున్నాను. దీప్తి శర్మ వేసిన బంతిని దక్షిణాఫ్రికా అమ్మాయి గాల్లోకి లేపడం, హర్మన్‌ప్రీత్ వెనక్కి పరుగెత్తి పట్టేయడం... అంతే, మన ఆడపిల్లలు 52 పరుగుల తేడాతో ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి ఉంది. టోర్నమెంటులో 14 వికెట్లు తీసింది!

నాకు తెలియకుండానే గట్టిగా చప్పట్లు కొట్టాను. కోడలు ఉలిక్కిపడి లేచొచ్చింది. “ఏమైంది అత్తమ్మా, ఎందుకేడుస్తున్నరు?” అంది. “గెలిచినం బిడ్డా” అన్నాను. అది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. ఆ మిగతా సగం చెప్పడానికే ఇవాళ ఈ నాలుగు మాటలు.

ఆటల పిచ్చి నాకు మా నాయిన రేడియోతో అంటుకుంది. కొల్లాపూర్‌లో మా ఇంటి అరుగు మీద సాయంత్రం పూట పది మంది మగవాళ్లు చేరేవారు. మధ్యలో రేడియో, చుట్టూ బీడీల పొగ. నేను తలుపు వెనక. ఆడపిల్ల అరుగు మీద కూర్చోకూడదు కానీ తలుపు వెనక నిలబడి వినొద్దని ఎవరూ అనలేదు! 1983 జూన్ 25న లార్డ్స్‌లో మనవాళ్లు 183కే అవుటైనప్పుడు అరుగు సగం ఖాళీ అయింది. వెస్టిండీస్ 140కి కుప్పకూలేసరికి ఊరంతా మళ్లీ అరుగు మీదే ఉంది. తలుపు వెనక గోడ మీద ఒక్కో వికెట్టుకు ఒక్కో సుద్దగీత గీశాను. పొద్దున అమ్మ చూసి, “గోడకు గీ గీతలేందే?” అని తిట్టింది. నాయిన మాత్రం ఒకసారి లెక్కపెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. పదీ సరిగ్గా ఉన్నాయి మరి.

తర్వాత అజహరుద్దీన్ వచ్చాడు. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. మన హైదరాబాద్ పిల్లగాడన్న గర్వం పాలమూరు దాకా పాకింది. అతని మణికట్టు ఎలా తిరుగుతుందో అప్పటికి కంటితో చూడకపోయినా, రేడియోలో విన్నదాన్ని బట్టే గరిటె తిప్పి చూసుకునేదాన్ని. నవ్వకండి! మీలో కొందరైనా ఆ పని చేసే ఉంటారు.

పెళ్లయ్యాక అత్తగారింటికి టీవీ వచ్చింది. టీవీ ఉన్నంత మాత్రాన మ్యాచ్ చూసినట్టు కాదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వంటింటిలోంచి చూసే మ్యాచ్ చెవులతో చూసేదే. 1996 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో సెమీ ఫైనల్. 98 పరుగుల దగ్గర సచిన్ అవుటయ్యాడు. ఇక ఉండబట్టలేక జొన్నరొట్టెలు చేయడానికి లేచాను. నేను రొట్టెలు కొట్టి కాల్చేలోపు ఇంకో ఆరు వికెట్లు పడ్డాయి. 120కి 8. రొట్టెలు మాడాయి. ఆ రాత్రి ఇంట్లో అందరూ తిట్టింది మాత్రం రొట్టెల్నే!

ఆడది ఆటలు చూస్తే మరో బాధ కూడా ఉంది. పరీక్ష పెడతారు. “వదినా, ఎల్బీడబ్ల్యూ అంటే ఏందో చెప్పండి చూద్దాం” అని ఇంటికొచ్చిన ప్రతి మరిది వరసవాడూ అడిగేవాడు. చెప్పేదాన్ని. బంతి ఎక్కడ పడితే ఇవ్వరో కూడా చెప్పేదాన్ని. పక్కనే కూర్చున్న వాళ్ల స్నేహితుణ్ని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మగవాడికి పుట్టుకతోనే తెలుస్తుందని లెక్క.

ఇంత పరిజ్ఞానం ఉన్నదాన్ని కదా, 1999 జూన్‌లో ఏం చూశానో చెప్పమంటారా? ఇంగ్లండ్‌లో మగవాళ్ల ప్రపంచ కప్పు ఫైనల్ దాకా చూశాను. అది జూన్ 20న అయిపోయింది. సరిగ్గా ఆరు రోజులకు, అదే ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో, హైదరాబాద్‌లో పెరిగిన పదహారేళ్ల పిల్ల మొదటి వన్డేలోనే 114 పరుగులు కొట్టి అవుటవకుండా నిలబడింది. మిథాలీ రాజ్. అవతలి వైపు రేష్మా గాంధీ 104. ఒక్క వికెట్టూ పోకుండా 258. నాకు తెలియదు! చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. అంతెందుకు, 1978లో మహిళల ప్రపంచ కప్పు మన దేశంలోనే జరిగింది. చివరి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఇంగ్లండ్‌ను ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది మన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలోనే. మా నాయిన రేడియో చుట్టూ కూర్చున్న పది మందిలో ఒక్కరూ ఆ మాటెత్తిన గుర్తు లేదు నాకు. అందుకు వాళ్లనే అనుకుంటే ఏం లాభం? తర్వాత నేనేం చేశాను గనక!

2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో కరణం మల్లేశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం ఆడపడుచు! పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. ఊళ్లో అమ్మలక్కలంతా అడిగింది ఒకటే మాట... “పెండ్లయిందా ఆమెకు?” అయిందని చెబితే, “మరి వాళ్లింట్ల ఎట్ల ఎత్తనిచ్చిండ్రు?” అని ఆశ్చర్యపోయారు. వాళ్లకేం తెలుసని నేను లోలోపల నవ్వుకున్నాను.

అప్పుడు మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉండి ఇక్కడి డిగ్రీ కాలేజీలో చదువుతోంది. కబడ్డీ ఆడేది. సాయంత్రం మట్టి కొట్టుకుపోయిన బట్టలతో వచ్చేది. మోచేతులకు, మోకాళ్లకు దోక్కుపోయిన గాయాలు. “పెండ్లి చూపులకు వచ్చినోళ్లు ఏమనుకుంటరే” అని పసుపు రాసేదాన్ని. నవంబర్‌లో ఒక రోజు గసపోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. యూనివర్సిటీ జట్టుకు ఎంపికయిందట. అప్పట్లో మా జిల్లా కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. వేరే రాష్ట్రంలో టోర్నమెంటు, పోను రాను పది రోజులు. వెంట మేడమ్ ఒకామె వస్తుందట.

బావకు ఫోన్ చేస్తే ఆయన అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. “నాకేం తెలుసు మరదలా. ఆటల సంగతి నీకు తెలుసు. నువ్వు పంపమంటే పంపుత.”

నేను వద్దన్నాను.

కారణాలు నా దగ్గర చాలానే ఉన్నాయి. రైల్లో రిజర్వేషన్ ఉంటుందో లేదో. ఎక్కడ పడుకోబెడతారో. ఆ నాలుగు రోజులు వస్తే ఎలాగ. అదీగాక నాగర్‌కర్నూల్ నుంచి ఒక మంచి సంబంధం మాటల్లో ఉంది. ఒక్కటీ అబద్ధం కాదు. పిల్ల ఏడవలేదు. అడగలేదు. “సరే చిన్నమ్మా” అంది. లోపలికి వెళ్లి బట్టలు మార్చుకొని, నాతో పాటు టీవీ ముందు కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచింది. బీరువాలో మల్లేశ్వరి అలాగే ఉంది.

ఇంకోటి చెప్పాలి. పంపలేదన్న దానికంటే నన్ను ఎక్కువ కోసేది అదే. ఆ పిల్ల ఆడగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. గ్రౌండ్ మా ఇంటికి పావుగంట నడక. ఈడెన్ గార్డెన్స్‌లో ఏ వైపు నుంచి ఎవరు బౌలింగ్ వేస్తారో తెలుసు గానీ, మా పిల్ల కూతకు వెళ్తుందో, పట్టడానికి నిలబడుతుందో కూడా తెలియదు నాకు.

అది తెలిసింది 2014లో. ప్రొ కబడ్డీ మొదలైన ఏడాది, శ్రావణమాసంలో ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చింది. తెలుగు టైటాన్స్ ఆడుతున్నారు. కామెంటేటర్ నోరు తెరవకముందే ఇది చెప్పేస్తోంది. “అటు పోవద్దు, అటు పోవద్దు... ఆ, చీలమండ పట్టిండు చూడు.” నిజంగానే పట్టాడు. మూడుసార్లు అలాగే జరిగింది. “ఎట్ల తెలుస్తదే నీకు?” అన్నాను. “నాది లెఫ్ట్ కార్నర్ చిన్నమ్మా. వచ్చేవాళ్ల కండ్లు చూడొద్దు, పాదం చూడాలె” అంది. ఆ మాట అంటున్నప్పుడు సోఫా అంచుకు జరిగి, రెండు చేతులూ ముందుకు చాపి, పిల్లి కూర్చున్నట్టు కూర్చుంది. పద్నాలుగేళ్ల తర్వాత! పిల్లలు నవ్వారు. వెంటనే సర్దుకొని చీర కొంగు సవరించుకుంది.

మొగవాళ్ల కబడ్డీ ఆసియా క్రీడల్లో 1990లో చేరింది. ఆడవాళ్లది 2010లో. గ్వాంగ్‌జౌలో జరిగిన ఆ మొదటి పోటీలోనే మనవాళ్లు బంగారం తెచ్చారు. మా పిల్ల కూడా తెచ్చేదని నేననను. ఆ వయసూ దాటిపోయేది, ఆ స్థాయి ఉండేదో లేదో. కానీ ఆ పది రోజులు దానివి. రైలు కిటికీ, కొత్త ఊరు, ఓడినా గెలిచినా జట్టుతో కలిసి తినే భోజనం. అవి నేను తీసుకున్నాను.

ఇప్పుడు కాలం మారిందంటారా? మారింది, కాదనను. 2022లో క్రికెట్ బోర్డు ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు. అదే ఏడాది కాంట్రాక్టుల్లో పై మెట్టు మగవాడికి 7 కోట్లు, ఆడపిల్లకు 50 లక్షలు అన్నది మాత్రం పెద్ద అక్షరాల్లో ఎవరూ వేయలేదు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైతే అయిదు జట్లలో హైదరాబాద్ లేదు. మా కోడలు బెంగళూరు అంటుంది, మనవడు ముంబై అంటాడు. మిథాలీ రాజ్ పెరిగిన ఊరి పేరు మీద జట్టు లేకుండా నేను ఎవరికి కొట్టాలి చప్పట్లు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం డబ్బు కాదు. సింధు సంగతి చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లే. ఇంట్లోనే ఆట భాష ఉంది. నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు బాక్సింగ్ చూపించింది తండ్రే. వాళ్ల ప్రతిభను తక్కువ చేయడం లేదు. కానీ ఎక్కడో ఒకచోట “పో బిడ్డా” అన్నవాళ్లు ఉన్నారు. మన ఇళ్లల్లో ఆ మాట అనాల్సింది చాలాసార్లు తండ్రి కాదు, మనమే. పెద్ద నిర్ణయాలు మగవాళ్లవి అని వాపోతుంటాం గానీ, పిల్ల సాయంత్రం ఆరు దాటాక బయట ఉండొచ్చా, ఆ బట్టలు వేసుకోవచ్చా, దెబ్బలు తగిలితే ఎలాగ... ఇవన్నీ తేల్చేది ఎవరు? మా బావ నాకే వదిలేశాడు కదా!

భయాలు అనవసరమని కూడా నేను చెప్పను. గ్రౌండ్ పక్కన ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఒక గది, తలుపుకు గడియ ఉన్న బాత్రూమ్, చీకటి పడకముందు ఊళ్లకు వెళ్లే బస్సు అందేలా మ్యాచ్ టైము. ఇవి అడగాల్సిందే. అడిగితే ఇస్తారా అంటే, అక్కడికి వెళ్లి నిలబడనివాళ్లు అడిగితే అసలు ఇవ్వరు. తల్లులు కాలేజీకి ఎప్పుడు వెళ్తున్నారు? ఫీజు కట్టడానికి, లేకపోతే మార్కులు తక్కువొచ్చాయని పిలిస్తే.

ప్రపంచ కప్పు గెలిచిన తర్వాత, ఆ చలికాలంలోనే, మా ఊళ్లో ఆడపిల్లల కబడ్డీ ఉందని కోడలు చెబితే ఫ్లాస్కులో చాయ్ పోసుకొని బయల్దేరాను. చెప్పొద్దూ, కొత్త కోడలు గుడికి వెళ్తున్నంత సిగ్గేసింది. గ్రౌండ్‌లో సున్నం గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. చుట్టూ ముప్పై నలభై మంది మగపిల్లలు, ఇద్దరు సార్లు, ఒక మేడమ్. ఆడ మనిషి ఇంకొకరు లేరు. మగపిల్లలు ఏవో అరుస్తున్నారు. అన్నీ చెప్పదగ్గవి కావు. నేను వెళ్లి గీత దగ్గర నిలబడ్డాక కొంచెం తగ్గాయి.

మనవాళ్లు మొదటి సగంలోనే తొమ్మిది పాయింట్లు వెనకబడ్డారు. విరామంలో ఒక పిల్ల, మోకాలికి గుడ్డ కట్టుకొని కుంటుతూ నా దగ్గరికి వచ్చింది. నీళ్ల సీసా కోసం వచ్చిందేమో అనుకున్నాను.

“ఎవరి అమ్మమ్మ మీరు?” అంది.

“ఎవరి అమ్మమ్మనూ కాదు. ఆట చూడనీకి వచ్చిన” అన్నాను.

నమ్మలేనట్టు చూసింది. తర్వాత పరుగున వెళ్లి మేడమ్ కూర్చున్న కుర్చీ పక్కనున్న కుర్చీ ఒకటి ఎత్తుకొచ్చి వేసింది. “కూసోండ్రి. ఇంకా పదిహేను నిమిషాలున్నది” అంది.

“నువ్వు ఏ పక్క నిలబడతవు?” అన్నాను.

“రైట్ కవర్” అంది, వెనక్కి పరుగెడుతూనే.