టిక్కెట్టు కొన్నవాడికే తిప్పలు

గోడ దూకి హాల్లోకి వచ్చినవాడు దర్జాగా బెంచీ ఎక్కి ఈల వేస్తుంటే, టిక్కెట్టు కొన్న అమాయకుణ్ణి గేటు దగ్గర నిలబెట్టి ప్రశ్నలు వేస్తే ఎలా ఉంటుంది? 1985లో బ్రిటన్‌లో కంప్యూటర్ ఆట కొన్నవాళ్లకు అచ్చం అలాగే అయింది.

ఆట పేరు ‘ఎలైట్’. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే కేంబ్రిడ్జి కుర్రాళ్లు రాశారు. 1984లో బీబీసీ మైక్రో మీద వచ్చి, మరుసటేడు స్పెక్ట్రమ్‌కి దిగింది. స్పెక్ట్రమ్ ఆటలు ఎక్కువగా మన పాటల క్యాసెట్ల లాంటివాటి మీదే వచ్చేవి. రెండు టేప్‌రికార్డర్లుంటే చాలు, పక్కింటివాడికి కాపీ రెడీ! ఆ దొంగతనం ఆపడానికి పెట్టెలో ‘లెన్స్‌లాక్’ అని ఓ ప్లాస్టిక్ బిళ్ల పెట్టారు. తెరమీద రెండక్షరాలు చీలికలు పేలికలై కనిపిస్తాయి. బిళ్లని టీవీకి ఆనించి, ఓ కన్ను మూసి చూస్తే అవి అతుక్కోవాలి. మూడుసార్లు తప్పు కొట్టారా, క్యాసెట్టు మళ్లీ మొదట్నుంచీ!

టీవీ మరీ పెద్దదైనా, మరీ చిన్నదైనా ఆ బిళ్ల పనిచెయ్యదు. అదీ చాలదన్నట్టు కొన్ని పెట్టెల్లో వేరే ఆట బిళ్ల పడింది. తాళం మనది, చెవి పొరుగింటిది!

రాసినవాళ్లకు డబ్బు రావద్దని నేననను. కానీ ఆ తాళం ఊడగొట్టిన దొంగ కాపీ ఏ టీవీలోనైనా ఆడుతుంది. డబ్బిచ్చి కొన్నవాడు మాత్రం తెరకి ముక్కు ఆనించి, ఒంటికన్నుతో మూడో తప్పు కొడుతుంటాడు.