మానవ హక్కుల పాఠమూ – మన పిల్లల ప్రశ్నలూ

ప్రతి సంవత్సరమూ డిసెంబరు 10వ తేదీన బడులలో మానవ హక్కుల దినోత్సవం జరుపుకోవడం ఆనవాయితీ. 1948లో అదే రోజున ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. ఆనాడు ఒక ఉపాధ్యాయుడు నాలుగు మంచి మాటలు చెబుతాడు. ఇద్దరు విద్యార్థులు కంఠస్థం చేసిన ఉపన్యాసాలు అప్పజెబుతారు. చప్పట్లతో సభ ముగుస్తుంది. చాలా ఏళ్ళు నేనూ అలాగే జరిపించాను. పేదరికం గురించీ, వివక్ష గురించీ మన పిల్లలకు సొంత అభిప్రాయాలు ఉంటాయన్న ఆలోచనే నాకు రాలేదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

ఒక ఏడాది మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలకు ఉపన్యాసానికి బదులు తెలుగు వ్యాసం ఇచ్చాను. శీర్షిక "నీవు చూసిన అన్యాయం". వచ్చిన వ్యాసాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. గాంధీగారిని దక్షిణాఫ్రికాలో రైలు నుండి దింపివేసిన సంగతి, అంబేద్కర్‌గారికి బడిలో కుండ ముట్టనివ్వని సంగతి, మండేలా చెరసాల. అన్నీ నిజాలే, తెలుసుకోవలసినవే. అయితే "నీవు చూసిన" అన్న మాటను ఒక్కరూ పట్టించుకోలేదు. కాగితాలు తిరిగి ఇచ్చివేసి, "పుస్తకంలోది వద్దు, మీ వాడలోది రాయండి" అన్నాను. రెండవసారి వచ్చిన వ్యాసాలు చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వాటిలో మూడింటిని గురించి తోటి ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటిది పేదరికం గురించి. తరగతిలో సగం మందికి పైగా పేదరికానికి కారణం సోమరితనమనీ, తాగుడనీ రాశారు. కష్టపడితే ఎవరైనా పైకి వస్తారని ధీమాగా తేల్చారు. అలా రాసినవారిలో ఒక అబ్బాయి అదే కాగితం మీద, నాలుగు వాక్యాల తరువాత, తన తండ్రి తెల్లవారకముందే బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడని రాశాడు. రెండు మాటలకూ పొంతన లేదని వాడికి తోచలేదు. "మీ నాన్న కష్టపడడం లేదా?" అని అడిగాను. వాడు కొంతసేపు ఆలోచించి, "కష్టపడతడు సార్, కానీ పర్మనెంటు కాదు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఆర్థికశాస్త్ర పాఠం ఉన్నది. 1973లో బొగ్గు గనులు జాతీయం అయిన తరువాత గనిలో పర్మనెంటు కొలువు అంటే ఇల్లు, వైద్యం, భవిష్యనిధి, పిల్లల చదువు. అదే గనిలో కాంట్రాక్టరు కింద పని చేసేవాడికి చేతికి వచ్చేది కూలి మాత్రమే. ఇద్దరి చెమటా ఒకటే, ఇద్దరి పిల్లల రేపటి రోజు ఒకటి కాదు. ఈ తేడా ఆ పిల్లవాడికి తెలుసు. మనం నేర్పిన నీతివాక్యం దానికి అడ్డు నిలిచింది. తన తండ్రిని తానే తప్పుపట్టే విధంగా ఒక పిల్లవాడిని తయారు చేయడం కంటే చదువు చేయగల అపకారం మరొకటి లేదని నా అభిప్రాయం.

రెండవ వ్యాసం ఒక అమ్మాయిది. వాళ్ళది మాదిగ కుటుంబం. తాతగారు మంచిర్యాల వైపు నుండి బతుకుతెరువు కోసం వచ్చారు. తండ్రి ఇక్కడే పుట్టాడు, తానూ ఇక్కడే పుట్టింది. అన్న పన్నెండో తరగతి మంచి మార్కులతో ప్యాస్ అయ్యాడు. కాలేజీలో చేరబోతే కులం దాఖలా కావాలన్నారు. దాఖలా కోసం వెళితే, 1950 ఆగస్టు 10కి ముందే మీ పెద్దలు మహారాష్ట్రలో ఉన్నట్లు రుజువు తెమ్మన్నారు. ఆ అమ్మాయి ఇలా రాసింది: "1950లో మా తాత ఇంకా పుట్టలేదు. పుట్టనివాడు ఎక్కడ ఉన్నాడో ఎట్ల చూపిస్తం?"

చంద్రపూర్, బల్లార్పూర్, రాజురా, ఘుగ్ఘూస్ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఈ తేదీలు తెలియని ఇల్లు అరుదు. మహారాష్ట్రలో షెడ్యూల్డ్ కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డ్ తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఇతర వెనుకబడిన తరగతులకు 1967 అక్టోబరు 13. ఆయా తేదీలకు ముందు నుండి కుటుంబం రాష్ట్రంలో నివసిస్తున్నట్లు చూపగలిగితేనే ఇక్కడి రిజర్వేషను వర్తిస్తుంది. మాల, మాదిగ కులాలు రెండు రాష్ట్రాల జాబితాలలోనూ ఉన్నాయి. అయినా తేదీ దగ్గర కథ ఆగిపోతుంది. దాఖలా వచ్చినవారికి సైతం, దానిని మళ్ళీ పరిశీలన సంఘం ముందు పెట్టి వ్యాలిడిటీ తెచ్చుకునే పని మిగిలే ఉంటుంది.

పోనీ తెలంగాణకు వెళ్ళి చదువుదామంటే, అక్కడ స్థానిక అభ్యర్థి అనిపించుకోవడానికి అక్కడి బడులలో నిర్ణీత సంవత్సరాలు చదివి ఉండాలి. ఇక్కడ పరాయివాడు, అక్కడ స్థానికేతరుడు. రాజురా ప్రాంతం వారి పరిస్థితి మరీ విచిత్రం. ఆ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. తరతరాలుగా అదే ఊరిలో ఉన్నవారు సైతం రుజువు కోసం నిజాం కాలపు ఉర్దూ రికార్డులు వెతుక్కోవాలి. చదువుకున్న ముత్తాత, భూమి ఉన్న ముత్తాత ఉన్నవారికి ఆ కాగితాలు దొరుకుతాయి. బడికి వెళ్ళని, భూమి లేని ముత్తాత పేరు ఏ కాగితంలో దొరుకుతుంది? ఎవరి కోసం రిజర్వేషను పెట్టారో వారి వద్దనే రుజువు ఉండదు. ఈ మెలికను ఆ అమ్మాయి ఒక్క వాక్యంలో పట్టుకుంది.

ఈ ప్రశ్న దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళిందని, దానిని తీసుకువెళ్ళినది ఒక తెలుగు విద్యార్థి అని మన పిల్లలలో ఎందరికి తెలుసు? తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు, షెడ్యూల్డ్ తెగ కోటాలో ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగం పొందిన తండ్రితో పాటు చిన్నతనంలోనే బొంబాయి చేరాడు. పన్నెండో తరగతి అక్కడే చదివాడు. వైద్య కళాశాలలో రిజర్వేషను కోరితే, అతని తెగ మహారాష్ట్ర జాబితాలో లేదని నిరాకరించారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అతనికి ప్రతికూలంగా తీర్పు చెప్పింది. ఒక కులమూ, తెగా ఏ రాష్ట్రానికి సంబంధించి ప్రకటించబడినదో ఆ రాష్ట్రానికే ఆ హోదా పరిమితమన్నది తీర్పు సారాంశం. అదే తీర్పులో, ఈ విషయమై తగిన చట్టం చేసే సంగతి పార్లమెంటు ఆలోచించాలని కూడా న్యాయమూర్తులు సూచించారు. 2018లో బీర్ సింగ్ కేసులోనూ మరో రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రాన్నే నిలబెట్టింది.

ఇక్కడ పిల్లలకు ఒక పక్షమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఎదుటివారి వాదనకూ బలం ఉన్నది. ఒక కులం ఒక ప్రాంతంలో అనుభవించిన వెనుకబాటు మరొక ప్రాంతంలో అంతే ఉండాలని లేదు. బయటి నుండి వచ్చినవారందరికీ వాటా ఇస్తే స్థానికుల వాటా తరిగిపోతుంది. సరిహద్దుకు ఆవలి వైపు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ. అదే బంజారాలు మహారాష్ట్రలో విముక్త జాతి. 2017లో పూర్వ ఆదిలాబాద్ జిల్లాలో గోండులు, ఇతర ఆదివాసులు లంబాడీలను జాబితా నుండి తొలగించాలని ఉద్యమించినప్పుడు, మహారాష్ట్ర నుండి వలస వచ్చినవారు తమ వాటా తీసుకుంటున్నారన్నది వారి ఫిర్యాదులలో ఒకటి. ఇక్కడ మనం ఏ నియమం వల్ల నష్టపోతున్నామో, అక్కడ కొందరు ఆదివాసులు ఆ నియమాన్నే గట్టిగా అమలు చేయమంటున్నారు. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో వాదన పుట్టింది. "మరి అక్కడి గోండు పిల్ల మన అన్నను చూసి ఏమంటుంది?" అని ఒకడు అడిగాడు. మానవ హక్కుల పాఠం ఆనాడు నిజంగా మొదలైందనుకుంటాను.

ఈ జిల్లాలోనే జివతి తాలూకాకూ, తెలంగాణ కెరమెరి మండలానికీ మధ్య కొన్ని గ్రామాలు రెండు రాష్ట్రాల లెక్కలలోనూ ఉంటూ వచ్చాయి. అక్కడి కుటుంబాలలో రెండేసి రేషన్ కార్డులు, రెండేసి ఓటరు కార్డులు, ఊరిలో మరాఠీ బడి ఒకటి, తెలుగు బడి ఒకటి. ఒకచోట రెండేసి కాగితాలు, మరొకచోట ఒక్కటీ లేదు. గీతలు గీసినది పెద్దలు, వాటి మీద నడవవలసినది పిల్లలు.

ఇక మూడవ వ్యాసం. అది ఆ రాత్రి నన్ను ఎక్కువగా బాధపెట్టింది. కొంచెం కలిగిన తెలుగు కుటుంబం నుండి వచ్చే ఒక అమ్మాయి ఇలా రాసింది: "నా స్నేహితురాలు మా ఇంటికి వస్తే అమ్మ నీళ్ళు ఇస్తుంది. కానీ ఆ గ్లాసు లోపల పెట్టదు. అది అన్యాయమో కాదో నాకు తెలియదు. అమ్మ మంచిది."

ఆ వ్యాసం సంగతి ఇంటిలో తెలిసింది. తండ్రిగారు బడికి వచ్చి, "సార్, మా ఇంటి సంగతులు బడిల ఎందుకు రాయిస్తున్నరు?" అని అడిగారు. కోపంగా కాదు, చిన్నబోయి అడిగారు. నేను కాగితం ఆయన చేతిలో పెట్టి చివరి వాక్యం చదవమన్నాను. ఆయన చదివి మడత పెట్టి తిరిగి ఇచ్చారు. మేమిద్దరమూ మరేమీ మాట్లాడుకోలేదు. ఆ ఇంటిలో గ్లాసు లోపలికి వెళ్ళిందో లేదో నాకు తెలియదు.

పరాయి రాష్ట్రంలో ఉన్నాం కనుక తెలుగువారమంతా ఒక్కటి అని సభలలో చెప్పుకుంటాం. ఇంటిపేరు చివర "వార్" చేరి మరాఠీ సమాజంలో కలిసిపోయిన పాత తెలుగు కుటుంబాలు ఉన్నాయి. నిన్న మొన్న వచ్చిన కూలి కుటుంబాలూ ఉన్నాయి. భాష ఒకటే అయినా ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. మనకు దాఖలా ఇవ్వని కార్యాలయాన్ని తప్పుపట్టే ముందు, మనం బయట ఉంచిన గ్లాసును కూడా చూడాలి. పిల్లలు రెండింటినీ చూస్తున్నారు.

ఇదే చంద్రపూర్‌లో 1956 అక్టోబరు 16న, నాగపూర్ దీక్ష అయిన రెండు రోజులకు, అంబేద్కర్‌గారు వేలాది మందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఏటా అక్టోబరులో దీక్షాభూమికి జనం తరలివస్తారు. మన పిల్లలు ఆ జనాన్ని చూస్తారు, కానీ "అది వాళ్ళది సార్" అంటారు. మరాఠీవారిది అని వారి అర్థం. జాషువా "గబ్బిలం" పరీక్షకు చదివిన పిల్లలే ఈ మాట అంటారు. గుడిలోకి రానివ్వని మనిషి గుడిలో వేలాడే గబ్బిలానికి తన గోడు చెప్పుకున్నాడని భావం రాస్తారు. ఆ గోడుకూ ఆ జనానికీ ఉన్న సంబంధం మనం చెప్పలేదు.

భాష సంగతి కూడా ఒకటి ఉన్నది. నల్లబల్ల మీద "వివక్ష" అని రాసి అర్థం అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. "తేడా చూపించడం" అన్నాక చేతులన్నీ లేచాయి. హక్కుల మాటలు పిల్లలకు ఆఫీసు మరాఠీలోనో, పుస్తకాల తెలుగులోనో అందుతున్నాయి. అనుభవం మాత్రం ఇంటి తెలుగులో ఉన్నది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. తెలుగు బడి కావాలని మనం అడిగేది పద్యాలు నిలుపుకోవడానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. తనకు జరిగిన అన్యాయాన్ని పిల్లవాడు తడబడకుండా చెప్పగలిగేది ఆ భాషలోనే.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఇటువంటి వ్యాసాలకు మార్కులు వేయకండి. వేస్తే పిల్లలు మళ్ళీ గాంధీగారి రైలు దగ్గరకే వెళ్ళిపోతారు. తరగతిలో గట్టిగా చదివించే ముందు రాసిన పిల్లను అడగండి. చట్టం మాటలను తెలుగులో విడమరచి చెప్పండి, రెండు పక్షాలూ చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక ఆచరణ మాట. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాక దాఖలా కోసం పరుగెత్తకండి. ఎనిమిదో తరగతిలోనే తాత, ముత్తాతల బడి వదిలిన సర్టిఫికెట్లు, భూమి కాగితాలు సేకరించడం మొదలుపెట్టండి. ఇక్కడి తేదీకి రుజువు దొరకకపోయినా, తండ్రికో తాతకో సొంత రాష్ట్రం ఇచ్చిన కుల ధ్రువపత్రం ఉంటే దాని ఆధారంగా వలస కుటుంబాలకు ఇచ్చే పత్రం వేరే ఉన్నది. అది ఇక్కడి రాష్ట్ర రిజర్వేషనుకు చెల్లదు గాని, కేంద్ర ఉద్యోగాలకూ, కేంద్ర విద్యాసంస్థలకూ పనికి వస్తుంది. ఇది తెలియక చదువు మానినవారిని నేను చూశాను.

పిల్లలు ఇవన్నీ రాయడానికి చిన్నవారు కదా అని అడిగేవారికి ఒక ఉదాహరణ. 1855లో ముక్తా సాల్వే అనే మాంగ్ కులపు బాలిక, పుణెలో ఫూలే దంపతుల బడిలో చదువుకుంటూ, మాంగులూ మహారులూ పడుతున్న దుఃఖాన్ని గురించి వ్యాసం రాసింది. అది "జ్ఞానోదయ" పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు ఉండవచ్చు, మన తొమ్మిదో తరగతి వయసు. ఆమెకు చదువు వచ్చి నిండా మూడేళ్ళయినా కాలేదంటారు. ఆమె చేతికి కలం ఇచ్చి, రాసిన దానిని పత్రికలో అచ్చు వేసిన పెద్దలు ఆనాడు ఉన్నారు.

తాతను గురించి రాసిన అమ్మాయి కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నది. అందులో రెండు అక్షరదోషాలు ఉన్నాయి. ఎర్ర సిరాతో వాటిని దిద్దాను. ఆమె వేసిన ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేకపోయాను. ఈ డిసెంబరులో మీ తరగతిలోనూ ఆ శీర్షిక ఇచ్చి చూడండి.